అలంకార ఖడ్గాలకు చట్టంలో చోటేది?

కత్తి దాడి జరిగిన ప్రతిసారీ నిషేధం విధించాలన్న డిమాండ్ వస్తుంది. రావడం సహజం. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఆ మాట అంటే కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. బ్రిటన్ ప్రభుత్వం 2025 ఆగస్టు 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో నింజా కత్తులను నిషేధించడం వెనక ఉన్నది కొడుకును కోల్పోయిన ఒక కుటుంబం చేసిన పోరాటమే. ఆ పోరాటాన్ని మేం మనస్ఫూర్తిగా గౌరవిస్తాం. అయితే ఇలాంటి నిషేధాల దెబ్బ చివరికి ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. ఇంట్లో గోడకో, అద్దాల బీరువాలోనో అందం కోసం ఖడ్గాలు పెట్టుకుని, వాటిని ఏనాడూ గడప దాటించని సేకరణకర్తల మీద పడుతోంది. చట్టం అడగ్గానే తెచ్చి అప్పగించేది వాళ్లే మరి. చంపాలని బయల్దేరినవాడు స్టేషన్‌కు వచ్చి కత్తి ఇచ్చి వెళ్లడు. ఇంగ్లండ్, వేల్స్ హత్య కేసుల్లో వాడిన కత్తి ఏ రకమో తెలిసిన చోట ఎక్కువగా కనిపించేది వంటింటి కత్తే.

ఇబ్బంది ఎక్కడుందో చట్టంలోని నిర్వచనం చదివితే తెలుస్తుంది. 2008 ఏప్రిల్‌లో బ్రిటన్ సమురాయ్ కత్తుల అమ్మకాన్ని, దిగుమతిని ఆపాలనుకుంది. పేరు రాసి నిషేధిస్తే అమ్మేవాళ్లు పేరు మార్చి అమ్ముతారు కాబట్టి కొలత పెట్టారు. అలుగు, అంటే కత్తి రేకు, వంపు తిరిగి, 50 సెంటీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పొడవుంటే అది నిషిద్ధం. ఆ పొడవును వంపు వెంబడి కొలవరు, పిడి పైభాగం నుంచి మొనదాకా తిన్నగా కొలుస్తారు. పదును సంగతి ఆ నిర్వచనంలో లేదు. దాంతో సమురాయ్ కత్తుల కోసం వేసిన వలలో పారశీక షంషీర్, తురుష్కుల కిలిజ్, మొఘలుల తల్వార్, ఐరోపా అశ్వికదళాల సేబర్, వాటి నమూనాలు అన్నీ పడ్డాయి. నింజా కత్తి నిర్వచనం కూడా రూపాన్ని పట్టుకునే నడుస్తుంది: 14 నుంచి 24 అంగుళాల అలుగు, తిన్నని అంచు, కోణంగా తెగ్గోసినట్టుండే టాంటో మొన.

మినహాయింపులు లేకపోలేదు. వందేళ్లు దాటిన పురాతన ఖడ్గానికి మినహాయింపు ఉంది. వంపు కత్తుల విషయంలో 1954కు ముందు తయారైనా, ఆ తర్వాతిదైనా సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినదైతే రక్షణ దొరుకుతుంది. సిక్కుల మతాచారాలకు, చారిత్రక పునఃప్రదర్శనలకు కూడా వెసులుబాటు ఉంది. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఫలితం ఆలోచించండి. కమ్మరి నెలల తరబడి సాగగొట్టి, నిజమైన పోరుకు పనికొచ్చేలా పదును పెట్టిన ఖడ్గం చట్టబద్ధం. దాన్ని చూసి ఫ్యాక్టరీలో పోత పోసిన, పదును లేని నకలు నేరం. లక్షలు పెట్టి అసలు కత్తి కొనగలిగినవాడు నిశ్చింతగా ఉంటాడు. ఆ స్తోమత లేక నకలుతో సరిపెట్టుకున్న అభిమాని భయపడుతూ బతకాలి. పైగా కత్తి వయసును, తయారీ పద్ధతిని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా యజమానిదే. తాతల నాటి కత్తికి బిల్లు ఎక్కడ దొరుకుతుంది?

గోడకు తగిలించే ఖడ్గం ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసినవి. తుప్పు పట్టదు, మెరుపు తగ్గదు, అందుకే ఆ లోహం. అయితే అంత పొడవు అలుగుకు అది పెళుసు. పిడి ఊడదీసి చూస్తే లోపల అలుగు కొనసాగి ఉండదు. వేలెడు లావైనా లేని, మరలు తీసిన కమ్మీని అలుగు మొదట్లో వెల్డింగ్ చేసి, చివర నట్టు బిగించి ఉంటారు. గట్టిగా ఝుళిపిస్తే ఆ అతుకు దగ్గర విరిగి అలుగు ఎగిరిపోవచ్చు. అనుభవమున్న సేకరణకర్తలు కొత్తవాళ్లకు చెప్పే మొదటి జాగ్రత్త కూడా ఇదే: దీన్ని తిప్పొద్దు, చూసుకోవడానికే.

అయినా మొన మొనే, పొడిస్తే దిగుతుంది. చవకగా దొరికే నకళ్లతో ఘోరాలు జరిగాయన్నది కూడా నిజం. 2008 నాటి చట్టం ప్రధానంగా వాటి కోసమే వచ్చింది. ఈ వాదన బలాన్ని మేం తక్కువ చేయడం లేదు. అయితే అది అమ్మకాన్ని కట్టడి చేయడానికి కారణమవుతుంది గానీ, ఇరవై ఏళ్లుగా గోడ మీదున్న కత్తిని లాక్కోవడానికి కాదు. మైనర్ చేతికి ఆన్‌లైన్‌లో కత్తి ఎలా చేరింది, డెలివరీ ఇచ్చేటప్పుడు వయసు చూశారా లేదా, వీధిలో కత్తి పట్టుకు తిరిగేవాణ్ని ఎవరు ఆపాలి? పోలీసుల సమయం, ప్రభుత్వ శ్రద్ధ వెళ్లాల్సింది ఇక్కడికి.

బ్రిటన్ మాత్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. 2008 నిషేధం అమ్మకం, దిగుమతుల మీదే ఉండేది. 2019 చట్టం ఇలాంటి ఆయుధాలు సొంతింట్లో ఉన్నా నేరమేనంది. 2020 డిసెంబర్ నుంచి 2021 మార్చి దాకా, అంటే కరోనా ఆంక్షల మధ్యే, పరిహారం తీసుకుని అప్పగించడానికి గడువిచ్చి, 2021 జులైలో దాన్ని అమల్లోకి తెచ్చింది. కొన్నప్పుడు చట్టబద్ధమైన వస్తువే, దాన్ని కదిలించకపోయినా, యజమానిని నేరస్థుణ్ని చేస్తుంది. వార్తలు చూడనివాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

జపాన్‌లో చట్టం చాలా కఠినం. 1958 నాటి ఆయుధ చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా ఖడ్గం ఉంచుకోవడం నేరం. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన తర్వాత ఆక్రమణ సేనలు అన్ని కత్తులూ అప్పగించమన్నప్పుడు లెక్కలేనన్ని నాశనమయ్యాయి. కళాఖండాలను వేరుచేసి కాపాడాలని నిపుణులు పట్టుబట్టడంతో కొన్ని మిగిలాయి. ఆ అనుభవంలోంచి వచ్చిన పద్ధతి గమనించదగ్గది. అక్కడ కళాత్మక ఖడ్గాల రిజిస్ట్రేషన్ చూసేది స్థానిక విద్యా మండలి. ధ్రువపత్రంలో అలుగు పొడవు, వంపు, పిడి మేకు కోసం వేసిన రంధ్రాల సంఖ్య, కమ్మరి చెక్కిన సంతకం నమోదవుతాయి. ఆ కాగితం మనిషితో కాకుండా కత్తితో పాటు వెళ్తుంది. చేతులు మారితే కొత్త యజమాని 20 రోజుల్లో తెలియజేయాలి. కత్తి విద్య సాధనకు వాడే ‘ఇయాయితో’ అనే రకం కత్తులను పదును పట్టని మిశ్రమలోహంతో చేస్తారు కాబట్టి వాటికి ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రూపం ఒకటే అయినా లోహాన్ని బట్టి తేడా చూపొచ్చని అక్కడ ఆచరణలోనే రుజువైంది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం కూడా 2004లో ఖడ్గాలను నిషేధించినా, గుర్తింపు పొందిన సంఘాల్లో సభ్యులైన సేకరణకర్తలకు భద్రత షరతుల మీద మినహాయింపు ఇచ్చింది. భారత ఆయుధాల చట్టం, 1959 సైతం ఆయుధంగా మార్చడానికి వీల్లేని ఆటవస్తువులను నిర్వచనంలోంచి తప్పించింది. అంటే చూపుకు ఎలా ఉందన్నది కాకుండా, వస్తువు దేనికి పనికొస్తుందన్న పరీక్ష చట్టాలకు కొత్తేమీ కాదు.

సేకరణకర్తలంటే హింస మీద మోజున్నవాళ్లన్న అనుమానం కొందరిలో ఉంది. మాకు అది అన్యాయంగా కనిపిస్తోంది. లండన్‌లోని వాలెస్ కలెక్షన్ ఆయుధశాల ప్రజలకు దక్కింది ఒక కుటుంబం కూడబెట్టి, చివరికి దేశానికి రాసిచ్చినందువల్లే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఆసియా ఆయుధాల్లో పెద్ద భాగం జార్జ్ కామెరాన్ స్టోన్ అనే సేకరణకర్త వీలునామాతో వచ్చింది. చవక నకలు మ్యూజియానికి ఎక్కదు, నిజమే. కానీ దాంతో మొదలుపెట్టినవాడే పిడి పనితనం, ఒర మీది నగిషీ పోల్చి చూడటం నేర్చుకుని రేపు అసలు కత్తిని గుర్తుపట్టగలుగుతాడు. ఆ మొదటి మెట్టే నేరమైతే ఈ విద్య కొద్దిమంది ధనికుల చేతుల్లోనే ఉండిపోతుంది.

అందుకే ప్రభుత్వాలను మేం కోరేది ఇది. అమ్మకం మీద, బహిరంగంగా తిప్పడం మీద ఎంత కఠినమైన ఆంక్షలైనా పెట్టండి. ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి మాత్రం స్వాధీనానికి బదులు రిజిస్ట్రేషన్ ఇవ్వండి, ఆ పని సాంస్కృతిక శాఖకు అప్పగించండి. తాళం వేసిన బీరువా, అంచు మొద్దుబార్చడం లాంటి షరతులకు సేకరణకర్తలు కూడా ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముందు వారసుల సంగతి తేల్చాలి. తండ్రి పోయాక అటక సర్దుతుంటే గుడ్డలో చుట్టిన కత్తి దొరికిన కూతురు దాన్ని ఏం చేయాలి? కారులో పెట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్తే, దారిలో ఎవరైనా ఆపితే ఏమిటని ఆమె టెన్షన్ పడకూడదు. కత్తి దొరికిన రోజు నుంచి ఆరు నెలలపాటు కేసు ఉండదని చట్టంలో స్పష్టంగా రాయాలి. ఫోన్ చేస్తే అధికారే ఇంటికి వచ్చి కత్తిని చూసి, నమోదు చేయడమో రసీదిచ్చి తీసుకెళ్లడమో చేయాలి.