మట్టిబిళ్ళ మాహాత్మ్యం

మా ఇంట్లో పదిహేను రోజులుగా ఒక బిళ్ళ కాపురం ఉంటోంది. గుండ్రంగా, బూడిద రంగులో, మజ్జిగ గ్లాసుకి మూత పెట్టేంత ఉంటుంది. తెచ్చినవాడు మా బావమరిది. ఖరీదు ఎనిమిది వేల ఆరు వందలు. బంధువుని కాబట్టి నాకూ అంతే. చూడగానే "మట్టిబిళ్ళలా ఉందే" అన్నాను. "మట్టి కాదు బావా, ఖనిజ సిరామిక్" అని నొచ్చుకున్నాడు. రెండింటికీ తేడా ఏమిటని అడిగితే రసీదు చూపించాడు.

దాంతోపాటు వచ్చిన కరపత్రాన్ని శ్రద్ధగా చదివాను. వ్రతకథలకి చివర ఫలశ్రుతి ఉంటుంది. ఇందులో కథ లేదు, మొదటి పుట నుంచీ ఫలశ్రుతే. బిందె కింద పెడితే నీళ్ళు చురుకెక్కుతాయి. బియ్యం డబ్బాలో వేస్తే పురుగు చేరదు. దిండు కింద పెట్టుకుంటే నిద్ర, మోకాలికి కట్టుకుంటే నడక. గేదె మెడలో వేస్తే పాలు చిక్కబడతాయి. ఫ్యాక్టరీవాళ్ళు బాయిలర్ గొట్టానికి కడితే లోపల గార పట్టదు. బండి పెట్రోలు ట్యాంకుకి అంటిస్తే మైలేజీ పెరుగుతుంది. మా ఆవిడ అంతా విని, "గిన్నెలు తోముతుందా?" అని అడిగింది. ఆ దిశగా పరిశోధన జరుగుతోందట.

శాస్త్రాన్ని నమ్మని మూఢుణ్ణి అనిపించుకోవడం ఇష్టం లేక ప్రదర్శనకి కూడా వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో టై కట్టుకున్న కుర్రవాడు నన్ను వేదిక మీదికి పిలిచి, కుడి చేయి పక్కకి చాపమన్నాడు. మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి కిందికీ, కాస్త బయటికీ నొక్కాడు. తూలి పడబోయాను. ఎడమ చేతిలో బిళ్ళ పెట్టి మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆ వేళ్ళు మోచేతి వైపు జానెడు జరిగాయి, ఒత్తిడి నా ఒంటి వైపుకి తిరిగింది. నేను కదల్లేదు. హాలంతా చప్పట్లు. ఇంటికి వచ్చి, బిళ్ళ బదులు ఉల్లిపాయ పెట్టి మా అబ్బాయి మీద అదే పద్ధతిలో ప్రయోగం చేశాను. వాడూ కదల్లేదు. ఉల్లిపాయలో సైతం ఆ శక్తి ఉందని ఆ విధంగా రుజువైంది. కూరగాయల బండి మీద దొరికేది కనక లోకం దాన్ని గుర్తించలేదంతే.

బిళ్ళ లోంచి పరారుణ కిరణాలు వస్తాయని కరపత్రం చెబుతోంది. నిజమే, ఇందులో అబద్ధం రవ్వంత లేదు. వెచ్చదనం ఉన్న ప్రతి వస్తువు లోంచీ వస్తాయి. పిడకలోంచి వస్తాయి, పీటలోంచి వస్తాయి, పక్కింటి ఆయనలోంచి వస్తాయి. 37 డిగ్రీల మనిషి ఒంట్లోంచి అన్నిటికంటే జోరుగా వెలువడేవి సుమారు 9.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గదిలో 30 డిగ్రీల దగ్గర పడి ఉన్న బిళ్ళవి సుమారు 9.6 మైక్రాన్లు. దానికంటే నేనే వేడిగా ఉన్నాను గనక, అది నాకు ఇచ్చేదాని కన్నా నేను దానికి ఇచ్చేదే ఎక్కువ. పదిహేను రోజులుగా ఆ బిళ్ళని పోషిస్తున్నది నేను. కంపెనీకి బిల్లు పంపాలని ఉంది, ఎవరి పేరు మీద పంపాలో బావమరిది చెప్పడం లేదు.

నీళ్ళ సంగతీ అంతే. నీటి అణువులు గుత్తులుగా ఉంటాయనీ, బిళ్ళ ఆ గుత్తులని చిన్నవి చేసి ఒంటికి తొందరగా పట్టేలా చేస్తుందనీ అంటారు. అణువుల మధ్య బంధాలు బిళ్ళ ఉన్నా లేకపోయినా సెకనులో లక్ష కోట్లో వంతు కాలంలోనే తెగుతూ, మళ్ళీ కలుస్తూ ఉంటాయి. బిందె దగ్గరికి మనం వంగేలోపు గుత్తులకి ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని విడాకులు అయ్యాయో.

ఇందులో టూర్మలిన్ అనే రాయి పొడి కలిపారట. పాపం, ఆ రాయి గొప్పదే. పేరు సింహళ భాష నుంచి వచ్చింది. సింహళం నుంచి దాన్ని తీసుకెళ్ళిన డచ్చివాళ్ళు, వేడి చేస్తే బూడిదని తన వైపు లాక్కుంటుందని గమనించి 'బూడిద లాగేది' అని ముద్దు పేరు పెట్టారు. 1880లో క్యూరీ సోదరులు, నొక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికాల్లో దీన్నీ చేర్చారు. అయితే వేడి పెరిగేటప్పుడో తగ్గేటప్పుడో తప్ప అది ఆ బూడిద విద్య చూపించదు. పొడి చేసి మట్టిలో కలిపి కాలిస్తే గింజలన్నీ తలో దిక్కు చూస్తాయి, ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. పంపకాలకి కూర్చున్న అన్నదమ్ముల్లాగ.

ఒక్క విషయంలో మాత్రం ఈ జాతి బిళ్ళల్లో కొన్ని మాట తప్పవు. గాలిలో రుణ అయాన్లు, అంటే నెగెటివ్ విద్యుదావేశం ఉన్న కణాలు, పుట్టిస్తామంటే నిజంగానే పుట్టిస్తాయి. ఎందుకంటే వాటిలో మోనజైట్ ఇసుక కలుపుతారు. మన భీమునిపట్నం తీరంలో దొరికే నల్ల ఇసుకలోనూ ఉంటుందది. అందులో ఉండేది థోరియం, అంటే రేడియోధార్మిక పదార్థం. గాలిలో అయాన్లు పుట్టించేది దాని రేడియేషనే. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అణు భద్రతా సంస్థ ఇలాంటి పది వస్తువులని పట్టుకుని, వాటిలోంచి రేడియేషన్ వస్తోంది, ధరించకండి అని జనాన్ని హెచ్చరించింది. వాటిలో కళ్ళకి కట్టుకుని నిద్రపోయే గంత ఒకటి, పిల్లల చేతి గొలుసు ఒకటి. మా బావమరిది అమ్మేవాటిలో ఫోను వెనక అంటించే చిన్న బిళ్ళ కూడా ఉంది. రేడియేషన్ నుంచి కాపాడుతుందట. దొంగని కాపలా పెట్టినట్టు ఉందని అంటే, "నెగెటివ్‌గా మాట్లాడకండి బావా" అన్నాడు. రుణ అయాన్లు అమ్ముకునేవాడు నాకిచ్చిన సలహా అది.

మైలేజీ విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ అన్యాయం చేసింది. పెట్రోలు ఆదా చేస్తామన్న పరికరాలని వందకి పైగా పరిశీలించి, చెప్పుకోదగ్గంత ఆదా చేసింది ఒక్కటీ లేదని తేల్చింది. వాళ్ళు మా బావమరిది బండి చూడలేదు. ట్యాంకుకి రెండు వైపులా రెండు బిళ్ళలు అంటించుకుని తిరుగుతాడు. మొన్న వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, పెట్రోలుకి రెండు వందలుంటే సర్దమన్నాడు.

నిజంగా శక్తినిచ్చే ఖనిజ సిరామిక్ బిళ్ళలు హైదరాబాదులోనే తయారవుతాయి. అణు ఇంధన సముదాయంలో యురేనియం ఆక్సైడ్ పొడిని బిళ్ళలుగా నొక్కి, 1700 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. వేలి కణుపంత బిళ్ళ, దాని వేడితో రియాక్టర్లు నడుస్తాయి. వాళ్ళకి మాత్రం అమ్ముకోవడం తెలియదు. ఫంక్షన్ హాలు మాట్లాడరు, కింద ఇద్దరిని చేర్చమని అడగరు, మోకాలికి కట్టుకోమని అసలే చెప్పరు.

కరపత్రం చివరి పుటలో, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో, "ఇది మందు కాదు, ఏ జబ్బునీ నయం చేయదు" అని ఉంది. మధుమేహం కుదురుస్తామని ప్రకటన ఇస్తే 1954 నాటి చట్టం ఒకటి పట్టుకుంటుంది. అందుకే పై పుటల్లో ఎక్కడా 'నయం చేస్తుంది' అని లేదు. 'తోడ్పడుతుంది', 'సహకరిస్తుంది', 'సమతుల్యం చేస్తుంది' అనే ఉన్నాయి. మా ఆఫీసులో కొందరి ఉద్యోగ వర్ణన కూడా ఇలాగే ఉంటుంది.

ఇంతకీ బిళ్ళకి పని దొరికింది. మా అత్తగారు ఆవకాయ జాడీకి వాసెన కట్టి, గుడ్డ కదలకుండా దాన్ని బరువు పెట్టారు. ఉప్పు, పులుపు, కారం, నూనె అన్నీ ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకున్నా చెక్కు చెదరని జాడీ అది, ఆవిడ కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నిన్న బావమరిది వచ్చి జాడీ మూత మీద బిళ్ళని చూశాడు. గుడ్డ విప్పి, లోపల ఎర్రగా నిగనిగలాడుతున్న ఆవకాయని చూశాడు. ఫోను తీసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, ఫలశ్రుతిలో చేర్చడానికి నన్ను రెండు ముక్కలు రాసివ్వమన్నాడు.

"బూజు పట్టలేదు చూశారా బావా!"

"పోయినేడు పట్టిందిరా?" అన్నారు వాళ్ళమ్మగారు, వంటింట్లోంచి.