సాగని తెరచాపకు సాగిలపడి రాసుకున్న లేఖ

మహారాజశ్రీ కార్బన్ తెరచాప గారి దివ్యసముఖానికి,

చిన్న పడవ నడుపుకునే ఒక సామాన్యుడు సవినయంగా చేసుకునే విన్నపం ఇది. తమరిని తెరచాప అని పిలవడానికే జంకుగా ఉంది. చాప అన్నాక చుట్టి మూలన పడేసుకోవచ్చు. తమరినేమో గట్టిగా మడిస్తే పోగులు విరుగుతాయి, గాలిలో టపటపా కొట్టుకోనిస్తే ఆయుష్షు తరుగుతుంది. అయినా ఎంత లాగినా తమరు సాగరు. ఆ ఒక్క సుగుణం కోసం తెరచాపలు కుట్టేవారు తరతరాలుగా తపస్సు చేశారు కనుక, మిగిలిన దోషాలన్నింటినీ లోకం కళ్లకద్దుకుంది.

సాగడంలో అంత పాపమేముందని నేనూ ఒకప్పుడు అనుకునేవాడిని. గాలికి ఎదురుగా ఏటవాలుగా పోయే పడవకు తెరచాప విమానపు రెక్కలా పనిచేస్తుంది; దాని పొట్ట, అంటే గాలికి ఉబ్బే వంపు, ఎంత లోతుగా ఉంది, ఎక్కడ ఉంది అన్నదే అక్కడ లెక్క. గాలి జోరెక్కినప్పుడు ఆ పొట్ట తగ్గాలి. గుడ్డ మాత్రం సరిగ్గా అప్పుడే సాగి, పొట్ట పెంచుకుని, దాన్ని వెనక్కి జరుపుకుంటుంది; పడవ ముందుకు పోవడం మాని పక్కకు ఒరుగుతుంది. గుడ్డ సాగితే పడవ సాగదన్నమాట.

తమరి ముత్తాత అవిసె నార తెరచాప ఈ విషయంలో మహా ఉదారుడు. ఆయన నేతలోంచి గాలి జారిపోకుండా నావికులు నీళ్లు చల్లి పోగులను ఉబ్బించేవారు. 1851లో ‘అమెరికా’ అనే పడవ మరమగ్గం మీద నేసిన నూలు తెరచాపలతో వచ్చి, ఐల్ ఆఫ్ వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో ఇంగ్లీషు పడవలను ఓడించాక నార పరువు నీట కలిసింది. తరువాత వచ్చిన నూలు గారి వైభవమూ అంతంతే. తడిస్తే కుంచించుకునేవారు, తడిగా చుట్టి పెడితే బూజు పట్టేవారు, కొత్తలో పిల్లగాలికి మెల్లగా అలవాటు చేయకపోతే ఆకారం చెడేవారు. కుళ్లిపోకుండా ఉండాలని చేపల పడవలవాళ్లు కాచు మరిగించిన నీళ్లలో ముంచి ఎర్రబరిచేవారు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలిస్టర్ ఈ బాధలన్నీ తీర్చింది, అసలు బాధ తప్ప. నేసిన గుడ్డ పడుగు వెంట లాగినా పేక వెంట లాగినా గట్టిగానే నిలుస్తుంది, ఐమూలగా లాగితే సాగుతుంది. గాలికేమో పడుగూ పేకా తెలియవు.

ఇక నేతనే వదిలేశారు. 1965లో రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ టైర్ల కోసమని వెతుకుతూ కనిపెట్టిన దారం నుంచి పుట్టిన కెవ్లార్‌ను, ఆ తరువాత కార్బన్‌ను, బలం పడే దారుల వెంట పరిచి ప్లాస్టిక్ పొరల మధ్య అతికించారు. 1990లలో తమరి జాతికి కొత్త జన్మస్థలం దొరికింది: అమెరికాలో ఎడారి రాష్ట్రమైన నెవాడాలోని మిండెన్. సముద్రం మొహం చూడని ఆ ఊళ్లో, కంప్యూటరు చెప్పినట్టు వంపులు తిరిగే పెద్ద అచ్చు మీద, కడుపులో గాలి నిండిన ఆకారంతోనే తమరు అవతరించారు.

అంతకుముందు ఆ కడుపును మనిషి కుట్టేవాడు. అరచేతికి తోలు పట్టీ, అందులో సూదిని నెట్టడానికి లోహపు బిళ్ల, తేనెమైనం పట్టించిన దారం, మూడు అంచుల సూది: ఇవే అతని సరంజామా. ముక్క అంచును కాస్త వంపుగా కత్తిరించి పక్క ముక్కతో కలిపితే, బల్లపరుపు గుడ్డకు ఎక్కడ కావాలంటే అక్కడ పొట్ట వచ్చేది. ఆ వంపు ఎంతో అతని కంటికి తెలిసేది. కన్ను పొరబడిన రోజులూ లేకపోలేదు. అచ్చు పొరబడదని ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

నా గోడు వేరు. తమరి బంధువొకరిని, పాతబడిన పొరల తెరచాపను, మోజుపడి కొన్నాను. ఒక రోజు ఓ మాదిరి గాలికే, కాగితం చించిన చప్పుడుతో, మడత గీత వెంట పైనుంచి కిందికి విచ్చుకుంది. బాగుచేసే ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూపించాడు: పొరలు విడిపోయి బుడగలు లేచాయి, వాటి మధ్య నల్లటి చుక్కలు. “ఇది కుట్టేది కాదండీ, అతికించేది. అతికిస్తే దాని పక్కన చిరుగుతుంది” అన్నాడు. ఆ చుక్కలు బూజేనట. నూలు తాతగారి ఆస్తిలో తమరి వాటాకు అదొక్కటే వచ్చినట్టుంది. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపు ‘విక్టరీ’ ఓడ మీదున్న తెరచాప ఒకటి సుమారు 90 తూట్లతో ఈనాటికీ భద్రంగా ఉంది. దాని మీదకు ఫిరంగులు రావలసి వచ్చింది. తమరివాళ్లకు నా మడత చాలింది.

తమరి పదవికీ ఒకసారి ఎసరు వచ్చిందని విన్నాను. 2010లో అమెరికాస్ కప్ అనే అంతర్జాతీయ పడవ పందెంలో గెలిచిన పడవకు పెద్ద తెరచాప గుడ్డది కాదు, దాని చోట 223 అడుగుల గట్టి రెక్క నిలబెట్టారు. గాలి ఎక్కువైతే దాన్ని చుట్టడానికి లేదు, దించడానికి లేదు. 2021 నాటికి రెండు పొరల మెత్తటి తెరచాపకే తిరిగొచ్చారు కనుక తమరు ఊపిరి పీల్చుకోవచ్చు.

నేను మాత్రం పాత పాలిస్టర్‌ను మళ్లీ ఎక్కించుకున్నాను. అది సాగుతుంది, నేను ఒరుగుతాను. తమరి బంధువును ముక్కలు చేసి సంచులు కుట్టిస్తున్నాను. కుట్టే ఆయనకు రెండు సూదులు విరిగాయి, మూడోది దిగింది.

ఇట్లు,
తమరి వేగాన్ని దూరం నుంచే చూసి తరించే
ఒక పడవవాడు