ఏడు సీట్లంటే ఏడుగురే

"ఫ్యామిలీకి సెవెన్ సీటర్ కొంటున్నారా? ఇది చదవకపోతే లక్షలు నష్టపోతారు!" దసరా ముందు నుంచి ఈ మెసేజ్ నా ఫోన్‌కి వస్తూనే ఉంది. కాలేజీ గ్రూపులో ఒకరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు పెట్టారు. మొన్న మా పెద్దమ్మ కొడుకు కూడా పంపి, "ఇది చూసే బుక్ చేస్తున్నా తమ్ముడూ" అన్నాడు. ఇక ఊరుకోలేకపోయాను. అన్నయ్యకి ఇద్దరు చిన్నపిల్లలు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. బండి నంబరు కూడితే తొమ్మిది రావాలట. మీ డబ్బు, మీ ఇష్టం. తెల్ల రంగు అయితే ఎండకి తక్కువ వేడెక్కుతుందట. నిజమే, తీసుకోండి. ఎండాకాలంలో సీఎన్‌జీ బండి పేలిపోతుందట. కంపెనీ బిగించిన సిలిండర్ని మూడేళ్లకోసారి పరీక్ష చేయిస్తూ ఉంటే ఎండను చూసి భయపడక్కర్లేదు. సీఎన్‌జీతో అసలు ఇబ్బంది డిక్కీది. చాలా బండ్లలో సిలిండర్ అక్కడే కూర్చుంటుంది, పెట్టెలకి చోటుండదు. మెసేజ్‌లో ఆ మాటే లేదు.

"తలుపు వేస్తే ధబ్ మనాలి, రేకు నొక్కితే సొట్ట పడకూడదు, అదే సేఫ్టీ" అన్నది తరవాతి ముక్క. పైన కనిపించే రేకు ఒట్టి తొడుగు. గుద్దినప్పుడు కాపాడేది లోపలి అస్థిపంజరం. ముందు భాగం కావాలనే నలిగిపోయేలా, మనుషులు కూర్చునే భాగం నలగకుండా ఉండేలా దాన్ని కడతారు. వేలితో నొక్కి అది తెలుసుకోలేం.

స్టార్ల దగ్గర మెసేజ్ పాత లెక్క చెప్తోంది. మారుతి సెవెన్ సీటర్ ఎర్టిగాకి, బండ్లని గుద్దించి చూసి ఐదింటికి ఎన్ని స్టార్లో ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మూడు స్టార్లు ఇచ్చింది 2019లో. నియమాలు కఠినం చేశాక 2024లో అదే బండికి పెద్దల రక్షణలో ఒకటి, పిల్లల రక్షణలో రెండు వచ్చాయి. అప్పుడు పరీక్షించింది రెండు ఎయిర్‌బ్యాగుల బండి. 2025లో అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. కాబట్టి స్టార్లు చూసేటప్పుడు ఏ ఏడాదివో, ఏ నియమాల కిందవో కూడా చూడాలి. ఇంకో మాట. ఆ ముందు గుద్దే పరీక్షలో పెద్దవాళ్ల బొమ్మల్ని ముందు సీట్లలో, ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మల్ని వెనక, కారు సీటు మీద బిగించే చైల్డ్ సీట్లలో పెడతారు. చైల్డ్ సీట్లలో! ఎవరి ఒళ్లోనూ కాదు.

నాకు కోపం తెప్పించిన ముక్క ఇదీ: "సెవెన్ సీటర్ అంటే పెద్దవాళ్లు ఏడుగురు. పదేళ్లలోపు పిల్లల్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, ఒళ్లో సర్దుకుంటారు. తొమ్మిది, పదిమంది హాయిగా తిరుపతి వెళ్లి రావచ్చు."

యాభై కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్న బండి దేన్నో గుద్ది సెకనులో పదోవంతులో ఆగిపోయిందనుకోండి. ఒళ్లో ఉన్న పది కిలోల బిడ్డ ఆ క్షణంలో దాదాపు నూట నలభై కిలోల బరువుతో ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులు పట్టుకోగలవు దాన్ని? యాభై అంటే హైవే స్పీడు కూడా కాదు, ఊళ్లో వెళ్లే స్పీడు. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆవిడ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేస్తే మధ్యలో నలిగేది బిడ్డే. ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే, పెద్దవాళ్ల ఛాతీ కోసం చేసిన ఎయిర్‌బ్యాగ్ పసిదాని తలమీద తెరుచుకుంటుంది. రెండు ముందు సీట్ల మధ్య నిలబడి అద్దంలోంచి రోడ్డు చూసే పిల్లాడికి గుద్దాల్సిన పని కూడా లేదు, గట్టిగా బ్రేకు వేస్తే చాలు.

వెనక సీట్లో బెల్టు ఎందుకు అంటుంది అదే మెసేజ్. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా కూర్చునే ప్రమాదంలో చనిపోయారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ఉంది. ఫ్యాన్సీ నంబరుకి వేలకి వేలు పోయమని చెప్పిన మహానుభావుడికి, అందులో కొంత చైల్డ్ సీటుకి పెట్టమని చెప్పడానికి నోరు రాలేదా?

బండి ఎంచుకునేటప్పుడు అసలు చూడాల్సింది ఇక్కడే ఉంది. చైల్డ్ సీటు మామూలుగా రెండో వరుసలో ఐసోఫిక్స్ కొక్కేలకి (చైల్డ్ సీటు కోసమే కారు సీట్లో ఇచ్చేవి) బిగిస్తాం. బిగించాక ఆ వైపు సీటు మడత పడదు. అంటే మూడో వరుసలోకి ఆ వైపు నుంచి దారి మూసుకుపోయినట్టే. ఇద్దరు చిన్నపిల్లలుంటే రెండు వైపులా అంతే. అప్పుడు నానమ్మ వెనక్కి ఎలా వెళ్తుంది? అందుకే రెండో వరుసలో రెండు విడి సీట్లు, మధ్యలో నడిచే దారి ఉండే కెప్టెన్ సీట్ల బండి ఇలాంటి ఇంటికి బాగా పనికొస్తుంది. మెసేజ్ మాత్రం "కెప్టెన్ సీట్లు దండగ, ఒక సీటు పోతుంది" అని కొట్టిపారేసింది. షోరూంకి చైల్డ్ సీటు తీసుకెళ్లి బిగించి చూడండి. సేల్స్ అబ్బాయి విసుక్కున్నా సరే.

"పెద్దవాళ్లని మూడో వరుసలో కూర్చోబెట్టండి, ప్రశాంతంగా ఉంటారు" అట. అక్కడ చాలా బండ్లలో సీటు నేలకి దగ్గరగా ఉండి మోకాళ్లు ఛాతీ దాకా వస్తాయి. చక్రాలు దాదాపు కిందే ఉంటాయి కాబట్టి ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకి తగులుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని వంగి, మడిచిన సీటు పక్కనుంచి దూరి ఎక్కమనడం ప్రశాంతతా? ఆవిడని కూడా షోరూంకి తీసుకెళ్లి, రెండుసార్లు ఎక్కించి దింపి చూడండి.

లగేజీకి పైన క్యారియర్ వేయించమన్నారు. అన్ని సీట్లూ వేసి ఉంచితే డిక్కీలో మిగిలేది ఎర్టిగాలో 209 లీటర్లు, కియా క్యారెన్స్‌లో 216, రెనో ట్రైబర్‌లో 84. ఏడుగురి సామాన్లు పట్టవు, ఒప్పుకుంటాను. కానీ ఆ బరువంతా నెత్తిన పెట్టుకుని ఘాట్ రోడ్డు మలుపులు తిరిగితే బండి ఊగుతుంది. మాన్యువల్‌లో రాసిన పరిమితి దాటకూడదు.

ఇంత తిట్టాక ఆఖరి ముక్క దగ్గర ఆగిపోయాను. "ఏడాదికి రెండు మూడుసార్లే అందరూ కలిసి వెళ్తారంటే సెవెన్ సీటర్ వద్దు, ఆ రోజులకి బండి మాట్లాడుకోండి." ఇది నూటికి నూరుపాళ్లు సరైన సలహా. మా అన్నయ్య ఇంట్లో రోజూ తిరిగేది నలుగురే. పెద్దమ్మ, పెదనాన్న పండగలకి వస్తారు. అందుకే మంచి ఫైవ్ సీటర్, రెండు చైల్డ్ సీట్లు తీసుకోమని చెప్పాను.

పండగ ప్రయాణానికి ఇన్నోవా మాట్లాడేటప్పుడు ఒకటి మాత్రం మరిచిపోవద్దన్నాను. అద్దె బండ్లలో వెనక బెల్టుల బకిల్స్ చాలాసార్లు సీటు కవర్ల కింద కూరుకుపోయి ఉంటాయి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే డ్రైవర్‌కి ఫోన్ చేసి, వాటిని పైకి తీసి ఉంచమనాలి.