చిలుకూరు బాలాజీకి 108, వాచీ దేవుడికి పదివేలు

పొద్దున్నే వాట్సాప్ తెరిస్తే చాలు, ఎవడో ఒకడు చెమటతో తడిసిన బనీను ఫొటో పెట్టి కింద ‘నో డేస్ ఆఫ్’ అని రాస్తాడు, ఏదో సియాచిన్‌లో దేశానికి కాపలా కాస్తున్నట్టు. బాబూ, నువ్వు చేసింది మియాపూర్‌లో ట్రెడ్‌మిల్లు మీద ముప్పావుగంట, అదీ ఏసీలో.

ఈ జాతికి మా తోడల్లుడు జాతీయ అధ్యక్షుడు. మొన్న ఆయనకి 101 జ్వరం. రాత్రి పదకొండున్నరకి అడుగులు లెక్కపెట్టే చేతి వాచీ చూసుకుంటే ఇంకా రెండు వేల అడుగులు బాకీ. అంతే, దుప్పటి కప్పుకునే డైనింగ్ టేబుల్ చుట్టూ ప్రదక్షిణలు మొదలు. చిలుకూరు బాలాజీ కూడా ముందు 11తో సరిపెట్టుకుని కోరిక తీరాకే కదా 108 అడిగేది, ఈ వాచీ దేవుడికి మాత్రం రోజూ పదివేలు పడాల్సిందే, తగ్గితే స్ట్రీక్, అంటే ఒక్కరోజూ తప్పకుండా నడిచిన రోజుల వరస, పోతుంది, స్ట్రీక్ పోతే పరువు పోతుంది. డోలో పట్టుకుని మా మరదలు, మంచినీళ్ల గ్లాసుతో పిల్లాడు వెనకాలే తిరుగుతున్నారు, అంటే ఇంటిల్లిపాదికీ కార్డియో అయిపోయింది. పన్నెండుకి రెండు నిమిషాలుందనగా కళ్లు తిరిగి కుర్చీలో కూలబడి, అక్కడ్నించే చెయ్యి ఊపడం మొదలెట్టాడు, వాచీ పాపం నమ్మేసింది. ఇంతకీ ఆ పదివేలు ఏ ధన్వంతరో చెప్పింది కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ పెడోమీటర్, అదే అడుగులు లెక్కపెట్టే యంత్రం, అమ్ముకోడానికి వాడిన నంబరు.

ఇప్పుడాయన పరిస్థితి ఏంటంటే, లేవగానే మంచం మీదే నాడి మామూలుకంటే గట్టిగా పరిగెడుతోంది, రాత్రిళ్లు నిద్ర పట్టదు, జలుబు వదలదు, పోయిన నెల ఎత్తిన బరువు ఈ నెల లేవట్లేదు, పప్పులో ఉప్పు తగ్గిందని పక్కింటిదాకా వినపడేలా అరుస్తున్నాడు. నాకు రెస్టు కావాలి మొర్రో అని ఒళ్లు ఇంతకంటే ఎలా చెప్తుంది, స్టాంపు పేపరు మీద రాసివ్వాలా? ఆయన మాత్రం ‘డెడికేషన్ తగ్గింది’ అని సాయంత్రం సెషన్ కూడా కలిపాడు. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు 2020లో చెప్పింది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కండరాలకి కనీసం రెండు రోజులు, అంతే. డంబెల్ ఎత్తేటప్పుడు కండ దెబ్బ తింటుంది, తిని పడుకున్నాకే అది బాగుపడి పెరిగేది.

సరే, నలభై దాటిన మనిషి, ఆయన ఖర్మ. కానీ ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి ‘జ్వరమైతే ఏంటి తమ్ముడూ, చెమట పడితే అదే పోతుంది’ అని చెప్పే ట్రైనర్లున్నారు చూడండి, వాళ్లనేమనాలి? ఆ వైరస్ గుండె కండరానికి పట్టి ఉంటే నువ్వు చేయించే వర్కవుటే వాడి ప్రాణం తీయొచ్చు! మొదటి రోజే వందల స్క్వాట్లు తీయించి, తర్వాత పిల్లాడికి మూత్రం కోలా రంగులో వస్తే, కండ చితికి కిడ్నీలకి ముప్పొస్తోందని కూడా తెలీక ‘నో పెయిన్ నో గెయిన్’ అంటారా, బుద్ధుందా అసలు? ఆస్పత్రికి పంపాల్సినోడిని మళ్లీ లెగ్ డేకి రమ్మంటారా? రేపు వాళ్లమ్మకి ఏం చెప్తారు, అటెండెన్స్ మాత్రం ఫుల్లు అమ్మా అని చెప్తారా?

యాపిల్ వాడికే 2024లో జాలేసి, ఒంట్లో బాలేనప్పుడు స్ట్రీక్ పోకుండా, వాచీలో రోజు లెక్క చూపించే రింగులకి పాజ్ పెట్టుకునే ఏర్పాటు చేశాడు, మొదటి వాచీ అమ్మిన తొమ్మిదేళ్లకి. మా తోడల్లుడిది చవకరకం, దానికి అంత దయలేదు. నిద్రపోయాక మెల్లగా విప్పి బీరువాలో పడెయ్యమ్మా అని మా మరదలికి సలహా ఇచ్చా.

"నిద్రపోతే కదా బావగారూ" అంది.