నాకన్నా ఎక్కువ మార్కులొచ్చినోడు చీమకుర్తిలో పాలిష్ మిషన్ దగ్గర ఎందుకున్నాడు

మాది కొండపి దగ్గర పల్లెటూరు. జడ్పీ హైస్కూల్లో పదో తరగతి దాకా చదివా, క్లాస్ ఫస్ట్ మాత్రం ఎప్పుడూ నా పక్కన కూర్చునేవాడిదే. వాళ్లమ్మ మా బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) దగ్గరికే పొగాకు అల్లడానికి వచ్చేది, సెలవులొస్తే వాడూ వచ్చి ఆమె పక్కన కూర్చుని ఆకు అందించేవాడు, వేళ్లకి నల్లగా జిగురు అంటుకుని ఎంత రుద్దినా పోయేది కాదు, ఆ చేత్తోనే నాకు లెక్కలు చెప్పేవాడు. టెన్త్ అయ్యాక మా నాయన ఎకరం అమ్మి నన్ను నెల్లూరులో కాలేజీ హాస్టల్లో వేశాడు. వాళ్లకి అమ్మడానికి ఏముంది? మూడు రూపాయల వడ్డీకి తెద్దామన్నా హామీ ఎవరుంటారు? వాడు చీమకుర్తి పోయి గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరాడు, ఇప్పటికీ ఆ దుమ్ములోనే ఉన్నాడు.

"కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు వాడి చేతులే గుర్తొస్తాయి. నాకన్నా తక్కువేం కష్టపడ్డాడు వాడు?

ఇది మా ఊరి గొడవే అనుకునేవాణ్ణి కానీ దేశాల లెక్కలు చూస్తే అన్ని చోట్లా ఇదే కనపడుద్ది. ఒబామా దగ్గర ఆర్థిక సలహాదారుల మండలికి చైర్మన్‌గా చేసిన అలాన్ క్రూగర్ 2012 జనవరిలో ఒక ప్రసంగంలో ఒక గ్రాఫ్ చూపించాడు, అందులో అంకెలు కెనడా ఆర్థికవేత్త మైల్స్ కొరాక్‌వి. ఒక గీత మీద దేశంలో ఆదాయాల తేడా ఎంతుందో పెట్టి, ఇంకో గీత మీద తండ్రి సంపాదన కొడుకు సంపాదనని ఎంత నిర్ణయిస్తుందో పెడితే, తేడా ఎక్కువున్న దేశాల్లో కొడుకు తండ్రి ఉన్న చోటే ఉండిపోవడం కూడా ఎక్కువగా కనిపించింది. ఇద్దరు తండ్రుల సంపాదనలో 10 శాతం తేడా ఉందనుకోండి, డెన్మార్క్‌లో వాళ్ల పిల్లల దగ్గరికొచ్చేసరికి అది ఒకటిన్నర శాతానికి తగ్గిపోద్ది, అమెరికాలో దాదాపు 5 శాతం మిగిలే ఉంటది. ఎవరైనా ఎదగొచ్చు అని మనం వీసాల కోసం క్యూ కట్టే దేశం అది!

2018లో ఓఈసీడీ అని, ఎక్కువగా ధనిక దేశాలుండే సంఘం, ఇంకో లెక్క కట్టింది. అట్టడుగు 10 శాతంలో ఉన్న కుటుంబం ఆ దేశపు సగటు ఆదాయానికి చేరాలంటే ఎన్ని తరాలు పడుద్దీ అని. డెన్మార్క్‌కి 2, అమెరికాకి 5, మనకి 7. అంచనానే అనుకోండి, అయినా ఏడు తరాలంటే ఏందో ఆలోచించండి, వాళ్లమ్మని మొదటి తరం అనుకుంటే వాడి మునిమనవళ్లు కూడా ఇంకా దారిలోనే ఉంటారు.

రెండూ కలిసి కనపడినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అని ఎట్టా చెప్తారు అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. దీనికి నాకు బాగా నచ్చిన జవాబు అమెరికాలో ఆర్థికవేత్త రాజ్ చెట్టి టీమ్ చేసిన పని. అమెరికాలో 1940లో పుట్టినోళ్లలో 90 శాతం మంది అమ్మానాన్నల కన్నా ఎక్కువ సంపాదించారు, 1980ల్లో పుట్టినోళ్లలో సగం మందే. దేశం నిదానంగా ఎదుగుతోంది కాబట్టి అనుకుంటాం కదా, కాదు, ఇప్పుడున్న ఎదుగుదలనే పాత రోజుల్లో లాగా పంచినా పడిపోయిన దాంట్లో 70 శాతానికి పైగా తిరిగొచ్చేది అని తేల్చారు. పంపకమే అసలు సంగతి. మన దేశంలో పై ఒక్క శాతం మంది 2022-23లో మొత్తం ఆదాయంలో 22.6 శాతం తీసుకున్నారు, ఫ్రెంచి ఆర్థికవేత్త పికెటీ వాళ్ల లెక్క ఇది.

ఇంకో మాట తరచూ వింటాం, అందరి బతుకులూ మారాయి కదా అని. నిజమే, నా క్లాస్‌మేట్ వాళ్ల పూరిల్లు పోయి స్లాబ్ వచ్చింది, బండి ఉంది, ఫోన్ ఉంది. కానీ ఊళ్లో అప్పుడు కింద ఉన్నది వాళ్లే, ఇప్పుడూ వాళ్లే. బతుకు మెరుగుపడటం వేరు, వరసలో ముందుకు రావడం వేరు.

మరి చదువే దారి అంటారు. ట్రిపుల్ ఐటీలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ మన దగ్గర ఎంతమందిని గట్టెక్కించాయో నాకు తెలుసు, ఒక్క మాట కూడా తక్కువ చేసి మాట్లాడను. అయినా 2017లో హెక్‌మన్, లాండర్సో అనే ఆర్థికవేత్తలు చెప్పింది చదివాక నా ఆలోచన మారింది. డెన్మార్క్‌లో చదువు ఫ్రీ, అయినా చదువుకున్నోళ్ల పిల్లలే ఎక్కువ చదువుతున్నారు, ఆ విషయంలో అమెరికాకీ దానికీ పెద్ద తేడా లేదంట. మరి అక్కడ పిల్లల ఆదాయాల్లో తేడా ఎందుకు తగ్గింది? పన్నులు, ప్రభుత్వ సాయాలు, వాటితోపాటు కింది పనులకీ పై పనులకీ జీతాల్లో పెద్ద అంతరం లేకపోవడం. అంటే పెద్ద చదువు చదవనోడు కూడా గౌరవంగా బతకగలుగుతున్నాడు.

మనం చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క సీటు కోసం పొలాలు అమ్ముకుంటున్నాం, ఆ సీటు రాని వందమంది రాయి కోసే దగ్గర, రొయ్యల చెరువుల దగ్గర, బెంగళూరులో కట్టే బిల్డింగుల దగ్గర ఎంతకి పనిచేస్తున్నారో పట్టించుకోం. రాయి పాలిష్ చేసేవాడికి మంచి జీతం, పీఎఫ్, ఊపిరితిత్తులకి వైద్యం ఉంటే వాళ్ల ఇంట్లో పిల్లాడు ఒక్క పరీక్షలో తప్పినా జీవితం అంతటితో తెల్లారిపోదు. నేను అడిగేది ఇదే, నిచ్చెన ఎక్కేవాళ్లకి చెయ్యి అందివ్వండి, దాంతోపాటు కింద మెట్టుని కూడా పైకి లేపండి.

పోయిన నెల వాడు ఫోన్ చేశాడు. వాడి కొడుకు టెన్త్, లెక్కల్లో దిట్ట అంట, వాడి లాగే. నెల్లూరులో నేను చదివిన కాలేజీలో ఇప్పుడు ఫీజు ఎంతుందో కనుక్కోమన్నాడు. కనుక్కుని హాస్టల్‌తో కలిపి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, వెనకాల మిషన్ శబ్దం వినపడుతోంది. తర్వాత అడిగాడు, "అంతా ఒకేసారి కట్టాలంటరా, నెలనెలా కడితే ఒప్పుకుంటరా" అని.