"ఒక్కదానివే కదా, నీకేం ఖర్చు?" అనే వాళ్ళందరికీ

ఒంటరిగా ఉండేవాళ్ళకి తిండి ఖర్చు ఉండదని ఎవరు మొదలుపెట్టారో గానీ, నెల్లూరులో నేనెరిగిన ప్రతి ఇంట్లో అది వేదవాక్కు. మా అత్త దగ్గర్నుంచి గది అద్దెకిచ్చిన ఓనరు దాకా అందరిదీ ఒకటే పాట. "ఒక్కదానివే గదమ్మా, నీకేం ఖర్చు? జీతమంతా మిగిలిపోతుంటదే!" మిగలదండీ. ఎందుకు మిగలదో ఈసారి లెక్కతో సహా చెప్తా, ఓపికుంటే చదవండి.

పాలు, బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు, అరటిపళ్ళు, ఆదివారం చేపో కోడో, వంట చేసే ఓపిక లేని పూట కర్రీ పాయింట్ ప్యాకెట్టు. ఇవన్నీ కలిపి నాకు వారానికి పదకొండు వందలకీ పన్నెండు వందలకీ మధ్య అవుతుంది. ఇందులో బిర్యానీలు లేవు, బాదం జీడిపప్పులు లేవు. రోజూ అరలీటరు పాల ప్యాకెట్టుకే వారానికి రెండొందలు దాటిపోతోంది. పెరుగు కూడా అందులోనే తోడేసుకుంటా.

ఇది చెప్తే మా ల్యాబ్‌లో ఒకాయన ఫోన్ తీసి కేంద్రం సర్వే చూపించాడు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 6,996 రూపాయలు, అందులో తిండి వాటా దాదాపు 40 శాతం. అంటే నెలకి 2,800, వారానికి 650. "చూశారా మేడం, మీరు డబుల్ పెడుతున్నారు" అన్నాడు, దొంగని పట్టుకున్నట్టు.

అయ్యా, అది ఇంటి ఖర్చంతా తలలకి పంచి తీసిన సగటు. ఆ తలల్లో పాలన్నం తినే రెండేళ్ళ పిల్ల ఉంటుంది, పూటకి నాలుగు ముద్దలు తినే ముసలాయన ఉంటాడు. ఒక్క తాలింపుతో అయిదుగురి కూర అయిపోయే ఇంటి సగటు తెచ్చి నా నెత్తిన రుద్దితే ఎట్టా? ధనిక దేశాల సంస్థ ఓఈసీడీ వాళ్ళు ఇళ్ళ ఆదాయాలు పోల్చడానికి ఒక కొలత వాడతారు. ఇంట్లో మొదటి మనిషి 1, ఆ తర్వాత ప్రతి పెద్ద మనిషీ 0.5, ప్రతి చిన్న పిల్లా 0.3. మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఈ లెక్కన 2.1 అవుతుంది, నాలుగు కాదు. నలుగురికయ్యే ఖర్చులో ఒంటరి మనిషికి పావు వంతు కాదు, సగానికి దగ్గరగా అవుతుంది. అది అద్దె, కరెంటు అన్నీ కలిపిన కొలత, తిండి ఒక్కదానికే కాదు, ఒప్పుకుంటా. కానీ "ఒక్కదానివే కదా" అనే లెక్క కంటే నిజానికి చాలా దగ్గర.

ఇప్పుడు బియ్యం సంగతికొద్దాం. నాకు అసలు మండేది ఇక్కడే.

మా జిల్లాలో రైతు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతాడు. నెల్లూరు పుట్టి అంటే 850 కేజీలు. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే వరి రకం, అదే నెల్లూరు మసూరి, రాష్ట్రం దాటి కూడా పోతుంది. ఇంత ధాన్యం పండే గడ్డ మీద కూర్చుని నేను అయిదు కేజీల ప్యాకెట్టు కొంటే దాని మీద 5 శాతం జీఎస్‌టీ కట్టాలి. 2022 జూలై 18 నుంచి లేబులేసి ప్యాక్ చేసిన బియ్యం మీద ఈ పన్ను వచ్చింది, 25 కేజీల వరకే. ఆ గీత దాటితే పన్ను లేదు. దాంతో ఏమైంది? మార్కెట్లోకి 26 కేజీల బస్తా దిగింది. ఆ ఒక్క కేజీ ఎందుకు పెరిగిందో తెలీని బియ్యం వ్యాపారి నెల్లూరులో లేడు. సంసారులు 26 కేజీల బస్తా వేయించుకుని పన్ను లేకుండా తింటారు. ఒంటరోళ్ళు, నెలకి ఇంతని చిన్న ప్యాకెట్లు కొనుక్కునే కూలోళ్ళు మాత్రం కడతారు. నా మటుకు అది మూడొందల ప్యాకెట్టు మీద పదిహేను రూపాయలే, దాంతో నేనేం మునిగిపోను. కానీ ఎక్కువ కొనేవాడికి లేని పన్ను తక్కువ కొనేవాడికి ఉండటం ఏ న్యాయమో ఎవరైనా చెప్పండి.

"నువ్వూ బస్తా వేయించుకోవచ్చు గదా?" అంటారు. వారానికి రెండు కేజీలు తినే మనిషికి 26 కేజీలంటే మూడు నెలలు. నెల్లూరు వేసవిలో, గాలాడని ఒంటిగదిలో మూడు నెలలు బియ్యం దాచి చూడండి. పురుగులతో కలిపి అప్పుడు మనం కూడా ఓ కుటుంబం అవుతాం.

అందుకే నేను వీధి చివరి అంగడికి పోతా. తెరిచిన బస్తాలోంచి కాటా మీద తూచి ఇచ్చే విడి బియ్యానికి ఈ పన్ను తగలదు. రెండు కేజీలంటే రెండు కేజీలే ఇస్తాడు. కందిపప్పు వంద గ్రాములు అడిగినా మొహం చిట్లించడు. ఏసీ సూపర్‌మార్కెట్లో అదే పప్పు అరకేజీ ప్యాకెట్టు లేదంటే కేజీ, పైగా రెండు కొంటే ఒకటి ఉచితమని బోర్డు. మూడు ప్యాకెట్ల పప్పు ఏం చేసుకోవాలి, దిండు కుట్టుకోవాలా? షాంపూని సాషేలో పోసి అమ్మొచ్చని పక్కన తమిళనాడు కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన 1970ల్లోనే చూపించాడు. జుట్టుకి ఒక్కపూట సరుకు దొరికే దేశంలో పప్పుకి దొరకదు. ఆన్‌లైన్ యాప్‌ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంత మొత్తం దాటకపోతే డెలివరీ ఛార్జీ అంటుంది, దాటించడానికి అక్కర్లేనిది కొనాలి.

కూరగాయల్లో ఇంకో తంటా. ఫతేఖాన్‌పేట రైతుబజారులో పావు కేజీ ఇస్తారు, పుణ్యాత్ములు. బండి మీదొచ్చే కొందరు మాత్రం "అరకేజీకి తక్కువ లేదమ్మా" అంటారు. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు నిలవుంటాయి, బాధ లేదు. సొరకాయ ఎవరు సగం కోసిస్తారు? క్యాబేజీ కొంటే సోమవారం వేపుడు, మంగళవారం పప్పు, బుధవారం పచ్చడి, గురువారానికి ఆ వాసనకే కడుపు నిండిపోద్ది. తోటకూర కట్టలో సగం వాడి సగం పారేస్తే, తిన్న సగానికి రెట్టింపు ధర ఇచ్చినట్టే. కుటుంబాల బడ్జెట్టులో ఈ పారేసిన సగం పెద్దగా కనపడదు, మా బడ్జెట్టులో వారం వారం కనపడుతుంది.

ఇక "నేను వారానికి అయిదొందల్లో నెట్టుకొస్తా" అని గొప్పలు పోయే బ్రహ్మచారి సోదరులకి ఓ మాట. మీ లెక్క రాసేటప్పుడు పొద్దున బండి దగ్గర తిన్న దోసెలు, ఆఫీసు క్యాంటీన్ భోజనం, సాయంత్రం పునుగులు కూడా రాయండి. ఊరి నుంచి అమ్మ పంపిన బియ్యం మూట, ఆవకాయ జాడీ, చింతపండు, ఎండుమిరపకాయలు, వాటికి కూడా అంగడి రేటు కట్టండి. నాకూ మా ఊరు కలిగిరి నుంచి చింతపండు, కారం వస్తాయి, కాబట్టి నా పన్నెండొందలు కూడా నిజానికి తక్కువ లెక్కే. అయిదు రూపాయల అన్న క్యాంటీన్ ఉంది కదా అంటారు కొందరు. ఉంది, మంచిదే, నేనూ తిన్నాను. కానీ డ్యూటీ దిగేసరికి అక్కడ భోజనం అయిపోయుంటుంది. ఇంకోటి గమనించారా? ఒంటరిగా ఉండే మగాడు కర్రీ పాయింట్ దగ్గర నిలబడితే "పాపం, వండిపెట్టేవాళ్ళు లేరు" అంటారు. నేను నిలబడితే "ఒక్కదానికి వండుకోలేదా?" అంటారు. అదే పప్పు, అదే ప్యాకెట్టు.

జీతమొచ్చే నాకే ఇట్టా ఉంటే మా కింద వాటాలో అవ్వ సంగతేంది? కొడుకు బెంగళూరు నుంచి అద్దె కడతాడు, తిండీ మందులూ పింఛన్లోనే. 2024 జూలై నుంచి పింఛను 3,000 కాస్తా 4,000 అయింది. ఆ వెయ్యి వచ్చాకే గుడ్డు కొంటోంది. ఆ నాలుగు వేలు వారాలకి పంచితే వారానికి వెయ్యి కూడా రాదు, అందులో బీపీ మాత్రలు పోవాలి. ఒక్క పాల ప్యాకెట్టుని రెండు రోజులు లాగుతుంది. నూనె నిండు ప్యాకెట్టు కొనడం ఆమెకి నెల మొదట్లోనే కుదిరే పని. విడి నూనె అమ్మకూడదని ఆహార భద్రత నిబంధనలు 2011 నుంచీ చెప్తున్నాయి, కల్తీ భయం న్యాయమైనదే. మరి దాని బదులు నూరు మిల్లీలీటర్ల ప్యాకెట్టు ప్రతి అంగట్లో ఉండేట్టు చూడాల్సింది ఎవరు?

ఇప్పుడు మేమిద్దరం పంచుకుంటున్నాం. క్యాబేజీ చెరి సగం, మునక్కాయల కట్ట చెరి సగం. నేను సాంబారు పెట్టిన రోజు ఆమె స్టవ్ వెలిగించదు, ఆమె పచ్చిపులుసు చేసిన రోజు నేను వెలిగించను. నా కూరగాయల ఖర్చు కొంచెం తగ్గింది, పారేసేది బాగా తగ్గింది. అలాగని దీన్ని అందరికీ పరిష్కారంగా చెప్పను. పొరుగున మంచి అవ్వ దొరకడం అదృష్టం.

నేనడిగేది పెద్ద కోరికలేం కాదు. ప్రతి సూపర్‌మార్కెట్లో పప్పులకి, బియ్యానికి ఒక కాటా, ఒక చేట. 25 కేజీల గీత తీసేసి, చిన్న ప్యాకెట్టు బియ్యం మీద పన్ను ఎత్తేయడం. కొనేవాళ్ళు కూడా ప్యాకెట్టు మీద ఎంఆర్‌పీ దగ్గర్లో గ్రాముకింత, కేజీకింత అని చిన్నక్షరాల్లో ఉండే యూనిట్ ధర చూడండి. వేయడం తప్పనిసరి, చదివేవాళ్ళే లేరు. అదే రకం సరుకు చిన్న ప్యాకెట్టులో ఎంత ఎక్కువ పెడుతున్నామో అక్కడ తెలుస్తుంది.

ఆదివారం చేప మీద మాత్రం ఎవరి సలహాలూ వద్దు. శీలావతి ముక్కలు అరకేజీ కోసిచ్చే ఆమె దగ్గరే కొంటా, రేటు పది ఎక్కువైనా సరే. మామిడికాయ వేసి పెట్టిన పులుసు రెండో రోజుకి గానీ రుచికి రాదు, మూడో రోజు కూడా నిలబడుతుంది. ఒక్క మనిషి వండుకుని రూపాయి వృథా కాకుండా తినగలిగే కూర నెల్లూరులో అదొక్కటే. నా ఖర్చు తగ్గించాలని ఉన్నవాళ్ళు ముందు ఆ పప్పు ప్యాకెట్టు సంగతి చూడండి.