వడపోతకు చిక్కని లోహం

నాగావళి నది నీటిలో కాడ్మియం అనే విష లోహం ఎంతుందని అడిగితే ల్యాబ్ ఒక అంకె చెబుతుంది. ఆ అంకె రావడానికి ముందు నీటిని సాధారణంగా 0.45 మైక్రాన్ల, అంటే 450 నానోమీటర్ల రంధ్రాలున్న ఫిల్టరులో వడకడతారు. దాన్ని దాటి కిందికి దిగిందంతా 'కరిగిన లోహం' కిందే లెక్క. నానో పదార్థాలు, అంటే అతిసూక్ష్మ రేణువులుగా ఉండే పదార్థాల పరిమాణం 1 నుంచి 100 నానోమీటర్లు. కాబట్టి అవీ, వాటికి అంటుకున్న లోహమూ ఆ ఖాతాలోకే పోతాయి. నానో సరుకు బజారుకు రాకముందు పుట్టిన పద్ధతి ఇది. అందుకు ల్యాబ్‌ను తప్పుపట్టలేం.

చేప ఒంటికి మాత్రం ఆ తేడా తెలుస్తుంది. 2007లో చైనా పరిశోధకులు కాడ్మియం కలిపిన నీటిలో బంగారుతీగ చేపలను పెంచారు. ఆ నీటిలో టైటానియం డయాక్సైడ్ నానో రేణువులు కూడా ఉన్నప్పుడు, 25 రోజుల్లో చేపల ఒంట్లో చేరిన కాడ్మియం రెండింతలు దాటింది. ఆ రేణువులు నీటిలో కరిగి ఉన్న లోహ అయాన్లను, అంటే విద్యుదావేశమున్న లోహ కణాలను ఒంటికి అంటించుకుంటాయి, వాటితో పాటే చేప లోపలికి చేరతాయి.

ప్రతిసారీ ఇలాగే జరగాలనేం లేదు. నానో వెండి నీటిలో వెండి అయాన్లను వదులుతుంది. బురదలోని సల్ఫైడ్ తగిలితే అదే వెండి చాలావరకు విషం తగ్గిన రూపంలోకి మారుతుంది. కాల్షియం ఎక్కువున్న నీటిలో రేణువులు ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. అప్పుడు నీటి శాంపిల్ శుభ్రంగానే కనిపిస్తుంది, భారమంతా బురదలో బతికే నత్తల మీద, జెల్లల మీద పడుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. విజయనగరం జిల్లాలోని గరివిడి, చీపురుపల్లి మాంగనీసు నేలలు. మాంగనీసు ఆక్సైడ్లు ఇతర లోహాలను సహజంగానే పట్టి ఉంచుతాయి; ఆక్సిజన్ అందని బురదలో కరిగిపోయి, పట్టినదాన్ని వదిలేస్తాయి. ఎక్కడో గాజు తొట్టెలో తేలిన ఫలితాన్ని తెచ్చి మన గెడ్డలకు అంటగడితే కుదరదు.

నానో అన్న మాట మన రైతుకు యూరియా సీసాతోనే పరిచయం. అందులో లోహం సమస్య లేదు. కానీ 2024లో నానో జింకు, నానో రాగికీ కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇవి చెరువులను పాడుచేశాయని మేం అనడం లేదు. పాడుచేయలేదని చెప్పడానికైనా కొలత ఉండాలి కదా! తాగునీటి ప్రమాణాల్లో కాడ్మియానికి లీటరుకు 0.003 మిల్లీగ్రాముల పరిమితి ఉంది, నానో రేణువులకు ఏ పరిమితీ లేదు.

కాలుష్య నియంత్రణ మండలి 0.45 మైక్రాన్ల వడపోతతో ఆగకుండా, కొద్ది నానోమీటర్ల రంధ్రాలుండే అల్ట్రాఫిల్టర్‌తోనూ వడకట్టించి రెండు అంకెలూ ప్రకటించాలి. వేసవిలో ఒకసారి, తొలి వరద తర్వాత ఒకసారి అడుగు బురదనూ, చేపలనూ పరీక్షించాలి. ఈ పనిలో ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయాన్ని కలుపుకోవాలి. మొదట నాగావళి పరీవాహకంలోని మడ్డువలస జలాశయంలో, మత్స్యశాఖ ఈ ఏడాది చేపపిల్లలను వదలకముందే ఈ పరీక్షలు మొదలుకావాలి.